జీర్ణకోశవైద్యమును మన బాలికలు చదువవలెనన్న

గడచిన వేసవిలో మా పగిడ్యాలయందలి యొక బాలిక తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. ఆ పిల్ల ఇంటర్మీడియటులో జీవశాస్త్రము చదివి మంచి మార్కులతో నుత్తీర్ణురాలయ్యెను. కొంతసేపు గడపవద్దనే నిలిచి, పిమ్మట "అమ్మా, కడుపు జబ్బులకే మందిచ్చు డాక్టరు కావలెనంటే ఏమి చదువవలెను?" అని యడిగెను. మే మించుక యాశ్చర్యపడితిమి. కాన్పుల డాక్టరు, కండ్ల డాక్టరు కాగోరు బాలికల నెఱుగుదుము గాని కడుపు డాక్టరు కాగోరిన బాలికను మే మదివఱకు చూడలేదు.

కారణ మడుగగా తల్లి చెప్పినది. ఆ పిల్ల నాయనమ్మకు రెండేండ్లపాటు మలములో రక్తము పడుచుండెనట. మొలలే యని తలచి ఆమె యెవ్వరికిని చెప్పలేదు. మగడాక్టరు ముందట అట్టి మాట యెట్లు పలుకుదునని సిగ్గుపడినది. తుదకు కర్నూలు తీసికొనిపోవునప్పటికి పెద్దపేగులోని వ్రణము ముదిరి, చేయగలిగినది మిక్కిలి స్వల్పమై యుండెను.

ఆ తల్లి కూతురి కోరికను కాదనలేదు. కాని వెళ్లునప్పుడు మెల్లగా "అక్కా, ఆ చదువు ముప్పై యేండ్లు వచ్చేదాకా తెగదంట గదా! మరి పెండ్లి యెప్పుడు?" అని యడిగెను. ఆనాడు మేము సరియైన యుత్తరము చెప్పలేకపోతిమి. పిమ్మట విచారించి తెలిసికొన్న సంగతుల నిచ్చట సోదరీమణులకు విన్నవించుచున్నాము. ఇట్టి ప్రశ్న మఱి యే యింటనైన పుట్టియుండవచ్చును గదా!

మన పూర్వులు కడుపును చిన్నచూపు చూచినవారు కారు. జఠరాగ్ని చెడినచో దేహమంతయు చెడునని చెప్పిరి. చరకసంహితయం దగ్నులను పదుమూడుగా లెక్కించి, అందు జఠరాగ్నినే మిగిలిన పండ్రెంటికి మూలముగా నిలిపిరి. చికిత్సాస్థానమున పదునైదవ యధ్యాయమంతయు గ్రహణీరోగమునకే విడిచిరి. నేడు వైద్యులు అన్ననాళము, అన్నకోశము, పేగులు, కాలేయము, పిత్తాశయము, క్లోమము అను నీ యవయవము లన్నింటిని జేర్చి యొక్క శాస్త్రముగా జదువుచున్నారు. దానినే గాస్ట్రోఎంటరాలజీ యందురు.

మొదటి మెట్టు

ఈ చదువు తిన్నగా నారంభమగునది కాదు. ముందు సర్వరోగములకు వైద్యము నేర్చినగాని యొక్క యవయవమునకు వైద్యుడగుట లేదు. ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును చదివియుండవలెను. ప్రవేశసంవత్సరపు డిసెంబరు 31 నాటికి పదునేడేండ్లు నిండియుండవలెను. అటుపిమ్మట నీట్ అను దేశవ్యాప్తపరీక్ష. అందు 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరియైన యుత్తరమునకు నాలుగు మార్కులు వచ్చును. తప్పు వ్రాసినచో నొకటి పోవును. ఈ పరీక్షను తెలుగునను వ్రాయవచ్చును. తెలుగుబడిలో చదివిన పిల్ల ఇంగ్లీషుకు జంకి వెనుదీయ నక్కఱలేదు. అయినను కళాశాలలోని బోధన ఇంగ్లీషుననే జరుగును గనుక, ఆ భాషయందు క్రమముగా నలవాటు చేసికొనుట మంచిది.

తరువాత ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరయేండ్లు చదువు, ఒక యేడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, వెరసి యైదున్నరయేండ్లు. పూర్వము మా ప్రాంతమువారికి కర్నూలు కళాశాలయే దిక్కు. అది 1956లో నేర్పడినది. 2023లో నంద్యాలయందును ప్రభుత్వవైద్యకళాశాల తెఱవబడెను. ఆడపిల్లను మగపిల్లలతో గలిపి దూరదేశమునకు బంప వెఱచు తల్లిదండ్రులకు తిరుపతిలో కేవలము స్త్రీలకే శ్రీ పద్మావతీ వైద్యకళాశాల 2014 నుండి కలదు.

రెండవ, మూడవ మెట్లు

ఎం.బి.బి.ఎస్. ముగిసిన పిదప నీట్ పి.జి. అను మఱియొక పరీక్ష వ్రాసి, సాధారణవైద్యమున ఎం.డి. మూడేండ్లు చదువవలెను. అందొక సిద్ధాంతవ్యాసము వ్రాయవలెను. మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెను. ఎం.డి. చేతికి వచ్చినగాని జీర్ణకోశశాస్త్రపు గడప త్రొక్కనీయరు. అటుపిమ్మట నీట్ ఎస్.ఎస్. అను మూడవపరీక్ష. అందు మంచి ర్యాంకు వచ్చినవారికి డి.ఎం. గాస్ట్రోఎంటరాలజీలో మూడేండ్లు. కత్తిపట్టి శస్త్రచికిత్స చేయగోరువారు ఎం.డి.కి బదులు జనరల్ సర్జరీలో ఎం.ఎస్. చదివి, ఆ మీదట ఎం.సిహెచ్. అను మూడేండ్ల చదువునకు పోవలెను. విశాఖపట్టణమున ఆంధ్రవైద్యకళాశాల, హైదరాబాదున ఉస్మానియా వైద్యకళాశాల, నిజామ్స్ ఇన్‌స్టిట్యూటు మొదలగు చోట్ల నీ చదువు కలదు.

ఇక లెక్క చూతము. ఐదున్నర, మూడు, మూడు, వెరసి పదునొకండున్నరయేండ్లు. పదునెనిమిదవయేట మొదలిడి యే పరీక్షయందును తప్పక నడచిన పిల్లకు ముప్పదవయేడు సమీపించును. నడుమ నొకటి రెండు పర్యాయములు పరీక్ష మరల వ్రాయవలసినచో ముప్పది దాటును. కావున ఆ తల్లికి చెప్పినవారు అబద్ధమాడలేదు.

కాని యొక్క సంగతి వారు చెప్పలేదు. ఈ పదునొకండున్నరయేండ్లును తండ్రి ధనమే తినవు. ఇంటర్న్‌షిప్ మొదలుకొని విద్యార్థికి నెలనెల భృతి ముట్టును. ఎం.డి.లోను, డి.ఎం.లోను అది యంతకంతకు హెచ్చును. అనగా తొలి నాలుగున్నరయేండ్లు దాటిన పిమ్మట పిల్ల చదువుచునే సంపాదించుచుండును. ప్రభుత్వకళాశాలలో సీటు వచ్చినచో నా తొలియేండ్ల రుసుము సామాన్యకుటుంబము మోయదగినదే. ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు సీటునకు లక్షలు కావలెను. కావున నీట్‌లో మంచి ర్యాంకునకై యొక యేడు మరల కష్టపడుట అప్పు చేయుటకంటె మేలని మా తలంపు.

అందేమి నేర్పుదురు?

డి.ఎం.లో ముఖ్యముగా నేర్పునది ఎండోస్కోపీ. చివర దీపమును కెమెరాయు గల మెత్తని గొట్టమును నోటిగుండ అన్నకోశమునకును, క్రిందినుండి పెద్దపేగునకును పంపి, లోని పుండ్లను కన్నులార చూచుట. వెలుగును వంపులలోగూడ మోయు గాజునారల కట్టనుగూర్చి మన దేశస్థుడగు నరీందర్ సింగ్ కపానీ 1954లో ప్రకటించెను. అట్టి నారలతో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ గొట్టమొకటి చేయించి, 1957లో ముందుగా తన గొంతులోనికే దింపుకొనెను. నే డా గొట్టముతోనే రక్తస్రావము నాపుదురు. పిత్తనాళములోని రాళ్లను తీయుదురు. అనుమానముగల చోట చిన్న ముక్క త్రుంచి పరీక్షకు బంపుదురు.

ఈ శాస్త్రమువలన మన వంటయింటి నమ్మకములును కొన్ని మారినవి. మిరపకాయ తినుటచేతనే కడుపులో పుండు పుట్టునని మన సీమలో పెద్దలందురు. కారము పుండును మండించునేమో గాని, పుండు పుట్టుటకు ముఖ్యకారణములు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి యొకటి; అడ్డు ఆపు లేక మ్రింగు నొప్పిమాత్రలు రెండవది. బారీ మార్షల్ అను ఆస్ట్రేలియా వైద్యుడు తన మాట నెవ్వరును నమ్మకుండుట చూచి, 1984లో నా సూక్ష్మజీవులను తానే త్రాగి జబ్బుపడి చూపెను. ఆయనకును సహచరుడగు రాబిన్ వారెన్‌కును 2005లో నోబెల్ బహుమాన మీయబడెను. మోకాళ్లనొప్పికని దినమును బిళ్లలు మ్రింగు అత్తగారున్న యింటివా రీ సంగతిని మఱవకూడదు.

ఇరువురు తెలుగువారు

ఈ దారిలో మనవారు నడచిరా యని యడుగవచ్చును. నడచిరి. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణీరోగముచే స్వల్పవ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ రోగము సోకగా ఆయుర్వేదవైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు నయముచేసిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివియు ఖద్దరు ధరించుట మొదలగు కారణములచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి దిగువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఆ తక్కువపట్టముతోనే మామగారి సాయమున బోస్టను చేరి, హార్వర్డులో నుష్ణదేశరోగశాస్త్రము చదివి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళల సేవకుని పని చేసిరి. 1930లో డాక్టరు పట్టమందిరి. 1945లో వారి పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లము తయారయ్యెను. అదే తమ సోదరులను బలిగొన్న రోగమునకు మందయ్యెను.

ఆ ఫోలిక్ ఆమ్లమునకు దారి చూపిన దొక స్త్రీ యని మనలో నెందఱెఱుగుదురు? లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, మిల్లులలో పనిచేయు పేదగర్భిణుల పాండురోగమును పరిశోధించి, ఈస్టుసారముచే నది కుదురుట 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణ మీ యామ్లమువలననే కలిగినదని పిదప తేలెను. నేడు గర్భిణులకు ప్రభుత్వాసుపత్రిలో నిచ్చు ఇనుపమాత్రలో కలియునది యిదియే. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూసిరి. స్వదేశమునకు మరల రాలేదు. ఇచ్చట వారి భార్య శేషగిరిగారు వేచియుండిరి. ఒక విద్యకు ఇంటివారు చెల్లించు మూల్య మెంతటిదో ఆ యిల్లాలి జీవితమువలన తెలియును. బాలిక చదువు దీర్ఘమని వగచు మనము, బాలుర దీర్ఘవిద్యకై స్త్రీలు వేచియుండిన యేండ్లను లెక్కపెట్టినామా?

రెండవవారు డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు. వీ రెచ్చటనో చదివినవారు కారు. మన కర్నూలు వైద్యకళాశాలలోనే ఎం.బి.బి.ఎస్. ముగించిరి. ఎం.డి. మద్రాసున, డి.ఎం. చండీగఢమున. పైన చెప్పిన మూడు మెట్లును వరుసగా నెక్కినవారే. హైదరాబాదున ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ బిరుదములందిరి. పగిడ్యాలనుండి కర్నూలెంత దూరము? ఆ మొదటిమెట్టు మన పిల్లలకును అందునదే.

వైద్యురాండ్ర యావశ్యకత

ఈ శాస్త్రమున స్త్రీలు నేటికిని తక్కువ. రాత్రివేళ రక్తము క్రక్కు రోగి వచ్చినచో లేచిపోవలెను. కొన్ని పనులు ఎక్స్‌కిరణముల యెదుట చేయవలసియుండుటచే సీసపు కవచము తొడుగవలెను; గర్భముతో నున్నపుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ఈ కష్టములను దాచుట ధర్మము కాదు. కాని చదువుకాలమున ప్రసూతిసెలవు కలదు. తప్పిన దినములను పిమ్మట పూర్తిచేసికొనవచ్చును. పెండ్లిచేసికొని, బిడ్డను కని, ఈ చదువు ముగించినవారును కలరు. అత్తవారింట నొక చేయి సాయముండవలెను, అంతియే.

డాక్టరు చదువు వలదనువారికి వేఱుత్రోవయు కలదు. జీవరసాయనము, సూక్ష్మజీవిశాస్త్రము, పోషణశాస్త్రము వీనిలో నెందైన ఎం.ఎస్సి. చదివి, పరిశోధనార్హతకై జాతీయపరీక్ష నిచ్చి పిహెచ్.డి. చేయవచ్చును. 1918లో కూనూరున మొలకెత్తి, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయపోషణసంస్థ యట్టి పరిశోధనకు ప్రసిద్ధమైనది. రోగికి గొట్టము వేయకున్నను, రోగకారణమును వెదకుట చిన్నపని కాదు.

ఇక మనము చేయవలసిన దొకటి కలదు. మలములో రక్తము, కారణములేక బరువు తగ్గుట, నల్లని విరేచనము, మ్రింగుట కష్టమగుట, విడువని పచ్చకామెర్లు, ఇవి కనబడినచో సిగ్గును గడపలోపల విడిచి వెంటనే డాక్టరునకు చూపవలెను. కామెర్లకు పసరు పోయించి, వాతలు పెట్టించి కాలము జరుపరాదు. వైద్యురాలు వచ్చువఱకు వేచియుండుటయు తగదు. రోగమునకు మగ, ఆడ భేదము లేదు.

మొన్న నా తల్లి మరల మా యింటికి వచ్చినది. తెలిసికొన్నదంతయు చెప్పితిమి. లెక్క విని కొంతసేపు మాటాడక కూర్చుండి, "అయితే నాలుగున్నరేండ్లే గదక్కా మేము మోయవలసినది!" అనెను. పెండ్లిమాట ఆమె యెత్తలేదు, మేమును ఎత్తలేదు. పిల్ల యిప్పుడు నంద్యాలలో నీట్ పరీక్షకు చదువుచున్నది. వచ్చునో రాదో దైవ మెఱుగును. వచ్చినచో, నింకొక పండ్రెండేండ్లకు మా మండలములోని ముదుసలులు సిగ్గువిడిచి తమ బాధ చెప్పుకొనుట కొక యాడబిడ్డ యుండును.