పాటకు ముందటి మాట

గ్రామఫోను రికార్డుపై పాట నిలుచును. పాటకు ముందు గాయకుడు తోడివానితో ఆడిన మాట నిలువదు. అది పనికిరాని ధ్వని యని తీసివేయుదురు. ఆ మాటను సైతము పాటతోపాటు నిలిపిన అమెరికా దేశపు రికార్డు ఒకటి కలదు. దాని పేరు 'విల్ ది సర్కిల్ బి అన్‌బ్రోకెన్'.

ఇది 1971 ఆగస్టులో టెన్నెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరమున ఆరు దినములలో తయారైనది. 1972లో మూడు రికార్డుల సంపుటిగా వెలువడినది. పూనుకొన్నవారు 'నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్' అను కాలిఫోర్నియా యువకులు, జుట్టు పెంచినవారు. వారు ఆహ్వానించినది కంట్రీ సంగీతమున పెద్దలైన మేబెల్ కార్టర్, రాయ్ ఏకఫ్, మెర్ల్ ట్రావిస్, బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్, అంధగాయకుడు డాక్ వాట్సన్ మొదలగువారిని. బిల్ మన్రో మాత్రము రానన్నాడు. ఏకఫ్‌కును మొదట సందేహమే. వియత్నాం యుద్ధము నడుచుచున్న ఆ దినములలో జుట్టు పొడవును చూచి మనిషి ఏ పక్షమువాడో తేల్చుచుండిరి. పిల్లల వాద్యము విన్న పిమ్మట ఆయన మెత్తబడెను.

ఒక్కొక్క వాద్యమును విడిగా పట్టి తరువాత అతుకు పద్ధతి అప్పటికే వాడుకలో నున్నది. వీరు దానిని విడిచి, అందరును ఒక్కచోట కూర్చుండి, ఒక్కసారిగా వాయించిరి. పెక్కు పాటలు మొదటి, రెండవ ప్రయత్నములలోనే ముగిసినవి. పాటలను పట్టు యంత్రము గాక మరియొకటి ఎడతెగక తిరుగుచు సంభాషణలను పట్టుచుండెను. వాట్సనును, ట్రావిసును జీవితమున మొదటిసారి కలిసికొన్నది అక్కడనే. ట్రావిసుపై గౌరవముతో వాట్సన్ తన కుమారునకు మెర్ల్ అని పేరిడియుండెను. ఆ సంగతి ఆయన నోటనే, ఆ గదిలోనే, ఆ మనిషి యెదుటనే వెలువడినది. సంపాదకుడెవ్వడైనను కొట్టివేసియుండును. నా మట్టుకు సంపుటి కంతటికి ప్రాణము అదియే.

మేబెల్ కార్టర్ సంగతి వేరు. 1927 ఆగస్టులో బ్రిస్టల్ పట్టణమున కార్టర్ కుటుంబము మొదటి రికార్డు లిచ్చినప్పుడు ఆమె పదునెనిమిదేండ్ల యువతి. బొటనవ్రేలితో మందర తంత్రులపై వరుసను పలికించుచు, తక్కిన వ్రేళ్ళతో పై తంత్రులను మీటి లయను నిలుపు ఆమె పద్ధతిని తరువాతి గిటారు వాదకులెందరో అనుసరించిరి. నాష్‌విల్‌లో ఆమె వాయించుచుండగా ఆ యువకులు చూచినది తాము రికార్డులలో విని నేర్చిన విద్యకు మూలమును.

ఆ మూలమునకును వెనుక ఒక మనిషి కలడు. మేబెల్ బావగారైన ఏ. పి. కార్టర్ పాటలకై కొండపల్లెలు తిరిగినప్పుడు వెంట నడచినవాడు లెస్లీ రిడిల్ అను నీగ్రో వాదకుడు. వేర్వేరు ప్రమాదములలో ఒక కాలును, రెండు చేతివ్రేళ్ళును కోల్పోయినవాడు. కార్టర్ కాగితముపై మాటలు వ్రాసికొనెడివాడు. రిడిల్ వరుసను మనసున నిలుపుకొని యింటికి తెచ్చెడివాడు. మేబెల్ ఆతనియొద్ద గిటారు మెలకువలు గ్రహించినది. రికార్డులపై అచ్చయినది మాత్రము కార్టర్ పేరు. కాగితము చేతనున్నవానికి పాట దక్కుట మన రచయితలు కొంత తీరికగా ఆలోచింపదగిన విషయము. జానపద గేయములను సంపుటముల కెక్కించిన చేతులు మనవియు ఉన్నవి గదా.

1971 నాటి గదిలో రిడిల్ లేడు. ఆతడు అప్పటికి న్యూయార్కు రాష్ట్రమున జీవించియే యున్నాడు. మైక్ సీగర్ అను సంగ్రాహకుడు 1960ల నుండి ఆతని యింటికి పోయి పట్టిన పాటలు 1993లో గాని సంపుటిగా వెలువడలేదు. వాటిని వినుటకు రిడిల్ లేడు.