25వ నంబరు తలుపుకు తాళం

ఇంట్లో ఇంటర్నెట్ బాగానే ఉంటుంది. వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి, రావలసిన మెయిళ్లు వస్తాయి. పాత సెట్టింగులున్న మెయిల్ ప్రోగ్రాంతో పంపిన ఉత్తరం మాత్రం అవుట్‌బాక్స్ దాటదు. చాలాసార్లు తప్పు కంప్యూటర్‌ది కాదు, ఇంటర్నెట్ సంస్థ పోర్టు 25ను మూసేసి ఉంటుంది.

ఒకే కనెక్షన్ మీద నడిచే రకరకాల పనులను వేరుచేసే సంఖ్యే పోర్టు. ఒక మెయిల్ సర్వర్ మరో మెయిల్ సర్వర్‌కు ఉత్తరాన్ని అందించేది 25 మీద. ఈ సంభాషణకు నియమాలైన ఎస్‌ఎంటీపీని జొనాథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో వెలువరించారు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, కొన్ని సైనిక కార్యాలయాలు. దాదాపు అందరూ తెలిసినవాళ్లే కాబట్టి, పంపేవారు తమ పేరు ఏది చెబితే అదే నమ్మేలా నియమాలు రాసుకున్నారు.

ఆ నమ్మకమే స్పామర్లకు పెట్టుబడి అయింది. మాల్‌వేర్ సోకిన ఇంటి కంప్యూటర్ తానే ఒక చిన్న మెయిల్ సర్వర్‌గా మారి, ఎక్కడెక్కడి సర్వర్ల 25వ పోర్టునో నేరుగా తడుతుంది. యజమానికి తెలిసేది, మహా అయితే, నెట్ నెమ్మదించిందని. ఇలాంటి కంప్యూటర్లను నడిపించే సర్వర్లు చాలావాటికి కాలిఫోర్నియాలోని మెక్‌కోలో అనే సంస్థ ఆశ్రయమిచ్చేది. 2008 నవంబరులో దాని కనెక్షన్ తెంచేయగానే ప్రపంచంలో స్పామ్ సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్లీ పెరిగింది. ఇళ్లలోని కంప్యూటర్లకు సోకిన జబ్బు పోలేదు మరి.

దీనికి దారి 1998 డిసెంబరులోనే సూచించారు. ఉత్తరం ‘అప్పగించడానికి’ 587 అనే వేరే పోర్టు. అక్కడ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెబితేనే సర్వర్ ఉత్తరం తీసుకుంటుంది. 25 సర్వర్ల మధ్య రవాణాకే మిగులుతుంది. అప్పుడు ఇళ్ల కనెక్షన్లలో 25ను మూసినా మామూలు వినియోగదారుడికి నష్టం లేదు. బ్రెజిల్ ఈ పనిని దేశవ్యాప్తంగా చేసింది. స్పామ్ పంపే చిరునామాల ఒక ప్రముఖ జాబితాలో 2009లో ఆ దేశం ముందు వరుసలో ఉండేది. టెలికాం కంపెనీలు, నియంత్రణ సంస్థ, ఇంటర్నెట్ పాలక కమిటీ కలిసి ఇళ్ల కనెక్షన్లలో 25ను మూశాక చాలా కిందికి దిగింది.

అయితే సొంత మెయిల్ సర్వర్ నడుపుకోవాలనుకునే చిన్న సంస్థకు ఇది గోడే. అమెజాన్, గూగుల్ క్లౌడ్ సేవల్లోనూ బయటికి వెళ్లే 25 మీద ఆంక్షలున్నాయి. మెయిల్ క్రమంగా కొన్ని పెద్ద కంపెనీల చేతుల్లోకి చేరడానికి ఇదీ ఒక కారణం. మూయడం సమంజసమే. మూసిన సంగతి చెప్పకపోవడం, అడిగినవారికి తెరిచే మార్గం ఉంచకపోవడం మాత్రం కాదు. పైగా దొంగిలించిన పాస్‌వర్డ్‌తో 587 మీదా స్పామ్ పంపొచ్చు. తేడా ఏమిటంటే, అక్కడ ఏ ఖాతా నుంచి వచ్చిందో సర్వర్‌కు తెలుస్తుంది, ఆ ఒక్క ఖాతానే ఆపగలదు.

ఇక అవుట్‌బాక్స్‌లో చిక్కుకున్న ఆ ఉత్తరం: సెట్టింగుల్లో 25 బదులు 587, లేదా మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్‌తో నడిచే 465 పెడితే చాలావరకు కదులుతుంది.