తెలుగు విభక్తులు - ఫిన్నిష్ విభక్తులు : ఒక పరిశీలనము

“ఖైరతాబాదునుండి పంజగుట్ట మీదుగా అమీరుపేటకు పోయెను” అను వాక్యమును ఆంగ్లమున జెప్పినచో, మూడు స్థలసంబంధములకు మూడవ్యయములు నామములకు ముందు నిలుచును. తెలుగున నవి నామముల వెనుక వచ్చును. ఈ భేదము స్థానమునకు సంబంధించినది మాత్రమేనా? ఫిన్నిష్ భాషతో పోల్చి చూచినచో విషయము తేటపడగలదు.

ఫిన్నిష్‌లో విభక్తులు 15 అని సాధారణముగా లెక్కింతురు. ‘తలొ’ అనగా ఇల్లు. ‘తలొస్స’ ఇంటిలో, ‘తలొస్త’ ఇంటిలోనుండి, ‘తలోన్’ ఇంటిలోనికి. జర్మన్‌లో ‘ఇన్’ అను నొకే అవ్యయము చతుర్థీవిభక్తితో స్థితిని, ద్వితీయతో గతిని తెలుపును. ఫ్రెంచినామములకు విభక్తిరూపములు లేవు గనుక అర్థభారమంతయు అవ్యయముపైనను, క్రియపైనను పడును.

‘ఇంటిలోనుండి’ అనునది ‘తలొస్త’ వంటిదే యని తోచును. కాని ఫిన్నిష్‌లో విశేషణము కూడ విభక్తిని గ్రహించును: ‘ఇసొస్స తలొస్స’ అనగా పెద్ద యింటిలో. అదే భాషలో ‘ఇసొన్ పూన్ అల్ల’ అనగా పెద్ద చెట్టు క్రింద. ఇచట విశేషణవిశేష్యములు షష్ఠిలో నుండగా, ‘అల్ల’ ఒక్కసారియే వచ్చినది. అదియే ‘అల్త’ (క్రిందినుండి), ‘అల్లె’ (క్రిందికి) అని మారును. మన ‘క్రింద’, ‘మీద’, ‘లో’ అనునవి యీ రెండవ తెగకు జేరినవి.

తెలుగు విశేషణము విభక్తిని గ్రహింపదు గాన మనకు వేఱొక పరీక్ష కావలయును. ‘లో’ పైని మరల ‘కి’ చేరి ‘లోనికి’ యగును. ‘మీద’ ‘మీదికి’ యగును. ‘ను’, ‘కు’ లపై నట్లు మఱియొక విభక్తి చేరదు. కావున నివి శుద్ధప్రత్యయములు, అవి నామప్రాయములు.

1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి సంస్కృతక్రమము ననుసరించి ‘కు’, ‘యొక్క’, ‘లో’ లను షష్ఠియందే చేర్చెను. ‘కూర్చి’, ‘పట్టి’ వంటి క్రియాజన్యములు సైత మా పట్టికలో గలవు. అర్థానుసారియగు నా విభాగమును రూపవిభాగమని విద్యార్థులు భ్రమించుట కద్దు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలకును ఫిన్నిష్ మున్నగు వానికిని గల పోలికలను బంధుత్వమునకు సాక్ష్యముగా గైకొనెను. అట్టి బంధుత్వము నేటికిని స్థాపితము కాలేదు. పోలిక నిర్మాణమునకు జెందినది.

కావున బోధనమున మొదట ‘ఇంటి’, ‘ఏటి’, ‘కంటి’ వంటి ఔపవిభక్తికరూపములను, పిదప శుద్ధప్రత్యయములను, ఆ పిదప నామజన్య, క్రియాజన్యములను వేఱువేఱుగ జూపుట యుక్తము. సప్తవిభక్తుల పట్టికను విడువ నక్కఱలేదు. అది యర్థమును జెప్పునే కాని రూపమును జెప్పదని యెఱిగిన జాలును.