ఊపిరి గొట్టంలో గాయం మానేదెలా?



బెంగుళూరులో పిల్లల వైద్యులు డాక్టర్ హెచ్. పరమేశ్ 1979లో లెక్క తీసినప్పుడు, ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో నూటికి 9 మందికి ఉబ్బసం కనిపించింది. 1999 నాటికి ఆ సంఖ్య నూటికి 29 దాటింది. ఆయన వేలెత్తి చూపిన కారణాల్లో వాహనాల పొగ ఒకటి. పొగ లోపల ఏం చేస్తుందో ఈనాడు తెలుసుకుందాం.

మన ఊపిరి గొట్టాల లోపలి గోడకు కణాల పొర ఒకటి ఉంటుంది. పొగ, దుమ్ము, జలుబు తెచ్చే వైరస్‌ల వల్ల అక్కడక్కడా ఆ కణాలు ఊడిపోతాయి. కాలువ గట్టుకు గండి పడినట్టే అనుకోండి. అప్పుడు అంచున ఉన్న కణాలు పలచగా పరుచుకొని, గండి వైపు పాకుతాయి. కొత్త కణాలు పుట్టడం ఆ తర్వాతి పని.

కణం పాకేదెలా? గోడ మీది బల్లిని చూడండి. ముందు కాలు పట్టు బిగిస్తుంది, వెనక కాలు పట్టు వదులుతుంది. కణానికి ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లే ఆ కాళ్ళు. పట్టు మరీ గట్టిదైతే కణం కదలదు, మరీ వదులైతే జారిపోతుంది.

ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో చెప్పే కబుర్లే వృద్ధి కారకాలు. వాటిలో ఒకటైన ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్‌ను స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల లాలాజల గ్రంథుల్లో కనుగొన్నారు. వృద్ధి కారకాలపై కృషికి ఆయనకూ, రీటా లెవీ మోంటాల్చినీకీ 1986లో నోబెల్ బహుమతి లభించింది. ఈ కారకం కణాలను గండి వైపు నడిపిస్తుంది. టీజీఎఫ్ బీటా అనే మరొకటి, అడుగున కణాలు పట్టుకోవడానికి కావలసిన పీచు పదార్థాన్ని తయారు చేయిస్తుంది.

గాయం ఒక్కసారైతే ఇదంతా మేలే. రోజూ గాయమైతే మాత్రం కబుర్లు ఆగవు, పీచు పేరుకుంటుంది. గట్టుకు మట్టి పోస్తూనే ఉంటే చివరకు కాలువే పూడుతుంది కదా! అలాగే గొట్టం గోడ మందమై, ఊపిరి దారి ఇరుకవుతుంది.

కనుక పిల్లలున్న ఇంట్లో బీడీ, సిగరెట్టు కాల్చకండి. దోమల చుట్ట పొగ, కట్టెల పొయ్యి పొగ పిల్లల దరికి రానీయకండి. డాక్టరు రోజూ పీల్చమన్న మందును, ఆయాసం తగ్గింది కదా అని, అలవాటైపోతుందేమో అని మీ అంతట మీరు మానిపించకండి. అది లోపలి వాపును తగ్గించి, గాయం మానే వ్యవధి ఇస్తుంది.