మోసగించే లోతు

లోతు తెలియని నీట దిగరాదని పెద్దలంటారు. కంటికి కనబడిన లోతును సైతం నమ్మరాదని భౌతికశాస్త్రం చెబుతున్నది.

కరీబియన్ సముద్రంలో సెంట్ క్రోయ్ ద్వీపపు తీరాన బక్ అనే చిన్న దీవి వున్నది. దాని చుట్టునున్న పగడపు దిబ్బలను 1961లో అమెరికా అధ్యక్షుడు కెనడీ జాతీయ రక్షిత స్థలంగా ప్రకటించాడు. యాత్రికులు బాడుగకు పడవ మాట్లాడుకొని అక్కడికి వెళతారు. ముఖానికి అద్దపు తొడుగు, నోట గాలిగొట్టం అమర్చుకొని, నీటిపై బోర్లా తేలుతూ, అడుగున నిలిపిన ఫలకాలను చదువుకొంటూ ఈదుతారు. వారి కంటికి చేపలు అసలుకన్న దగ్గరగా, పెద్దవిగా తోస్తాయి. నీటినుండి గాలిలోకి వచ్చే కాంతికిరణం వంగడమే ఇందుకు కారణం.

బోథ్ పిల్లలకు సముద్రం దూరం. పొచ్చెర జలపాతం దగ్గర. దాని గట్టున నిలిచి మడుగులోకి చూచేవారినీ ఆ కిరణమే మోసగిస్తుంది. తిన్నగా పైనుండి చూస్తే 4 మీటర్ల లోతు 3 మీటర్లుగా కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. వానకాలపు బురద నీటిలో ఆపాటి అంచనాకైనా తావులేదు. నేరడిగొండ మండలంలోని కుంతాల జలపాతం వద్ద స్నానానికి దిగి ప్రాణాలు కోల్పోయినవారు పలువురు.

బక్ దీవి యాత్రికునికి పడవ వున్నది, తోడు వున్నది, ఊపిరికి గొట్టమున్నది. మడుగులోకి దూకే బాలునికి అవేవీ లేవు. వక్రీభవనం బోధించేనాడు ఉపాధ్యాయుడు గ్లాసు నీటిలో పెన్సిలు వంగినట్లు చూపుతాడు. దానితోపాటు ఊరి చెంతనున్న మడుగునూ ఒక్కమాట తలపిస్తే, ఆ పాఠం పరీక్షకేగాక ప్రాణానికీ అక్కరకు వస్తుంది.