చమురు బావిలో బురద ఎందుకు పోస్తారు?

చమురు, సహజవాయువు భూమి లోతుల్లో, రాతిపొరల సన్నని రంధ్రాల్లో విపరీతమైన ఒత్తిడితో ఇరుక్కుని ఉంటాయి. డ్రిల్లింగ్ ఆ పొరను తాకితే పైకి తన్నుకొస్తాయి. వాటిని అదిమి ఉంచేది బురదే!

ఎలా? బెంటోనైట్ అనే బంకమట్టిని నీటిలో కలిపి, బరువు కోసం ముగ్గురాయి పొడి చేరుస్తారు. ముగ్గురాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. దీని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి మన రాయలసీమలోని మంగంపేటలో ఉంది. ఈ బురదను బోలు గొట్టం గుండా కిందికి పంపుతారు. అది డ్రిల్ బిట్‌ను చల్లబరిచి, రాతి ముక్కలను మోసుకుంటూ పైకి వస్తుంది. ముక్కలను జల్లించి, అదే బురదను మళ్లీ వాడతారు.

బురద బరువు తగ్గితే వాయువు ఎగదన్నుతుంది. ఎక్కువైతే రాయి పగిలి, బురద పొరల్లోకి పోతుంది. అందుకే కొంత లోతు తవ్వగానే ఉక్కు గొట్టం దించి, చుట్టూ సిమెంటు నింపుతారు. పైన బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే భారీ కవాటాలు బిగిస్తారు.

అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమ చూసింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో వాయువు ఎగదన్ని అంటుకుంది. ఆ మంటలు ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అందుకే బావి తవ్వినంతసేపూ బురద బరువును కొలుస్తూనే ఉండాలి.