వైశాఖపు గాలివాన - వంటింటి ఓవెను

మా ఇంటికి మైక్రోవేవ్ ఓవెను వచ్చి పదేళ్ళయినది. వచ్చిన కొత్తలో మా అత్తగారు దానిని వింతగా చూచి, "నిప్పు కనపడని పొయ్యి, అదేం పొయ్యే!" అన్నారు. ఇప్పుడు తొంభై దాటిన ఆమెకే దానితో ఎక్కువ అవసరము. పళ్ళు లేని నోటికి వేళకు మెత్తని జావ, వేడి పాలు కావాలి. మా కోడలు తెల్లవారగానే వండిపెట్టి బడికి పాఠాలు చెప్పడానికి పోతుంది. తరువాత వేడిచేసి అందించడము మా వంతు. చేతులు వణికే వయసులో గ్యాసు పొయ్యి వెలిగించడము కన్న మీట నొక్కడమే మాకు సుళువు.

అటువంటి ఓవెను ఒకనాటి సాయంకాలము ఉన్నట్టుండి మూగపోయినది.

మా బరంపురములో వైశాఖమాసపు గాలివానలు కొత్తగావు. 2013 అక్టోబరు 12న గోపాలపురము దగ్గర తీరము దాటిన ఫైలిన్ తుఫానును చూచిన మాకు ఇవి లెక్కలోకి రావు. అందుకే ఆనాడు గాలి రేగినా ఒక్క ప్లగ్గు కూడా తీయలేదు. కరెంటు పోయి గంటకు తిరిగి వచ్చినది. వచ్చీ రాగానే దీపాలు మునుపెన్నడూ లేనంత తెల్లగా వెలిగినవి. పంకా విమానములా తిరిగినది. ఎదురింటి వారి బల్బు మాత్రము ఆముదపు దీపములా మినుకుమన్నది. మన ఇంటికి మంచి కరెంటు వచ్చిందని సంతోషించినాము గూడాను! అంతలో వంటింట్లో "టప్"మని చప్పుడు, కాలిన వాసన. మా అబ్బాయి పరుగున పోయి మెయిను ఆపివేసినాడు.

మరునాడు ఓవెనును చూచిన ఒక కుర్ర మెకానిక్కు, "బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోవడమే మేలు" అని చెప్పి వెళ్ళిపోయినాడు. మా అబ్బాయికి పౌరుషము వచ్చినది. స్క్రూడ్రైవరు తీసుకొని కూర్చున్నాడు. "ప్లగ్గు తీసేశాను గదమ్మా, ఇంక భయమేమిటి?" అన్నాడు. మూత సగము ఊడివచ్చినది. సరిగా అప్పుడే మా వీధి చివర దుకాణము పెట్టుకొన్న ముసలి మిస్త్రీ, కబురందుకొని వచ్చి, గుమ్మములోనుండే, "ఆగు బాబూ! చెయ్యి పెట్టకు!" అని కేక వేసినాడు. ఆయన ఒడియా వారే గాని మనతో తెలుగే మాట్లాడుతాడు.

ఆయన చెప్పినది ఇది. ఓవెనులో మాగ్నెట్రాను అనే గొట్టము ఉన్నది. యుద్ధకాలములో రాడారులకు వాడినది ఇటువంటిదే. దానికి వేల వోల్టులు కావాలి. ఆ శక్తిని నిలవచేసే కెపాసిటరులో రెండువేల వోల్టులకు పైగా, ప్లగ్గు తీసిన తరువాత గూడా నిలిచి ఉండవచ్చును. ఒక్క వేలు తగిలితే ప్రాణమే పోవచ్చును. ఆ మాట విని అబ్బాయి చేయి వెనుకకు తీసుకొన్నాడు. మాకు కాళ్ళు వణికినవి. పోయిన ఓవెను గురించి రాత్రంతా విచారించినాము. పోబోయినది మరి ఏమిటో అప్పుడు తెలిసినది.

మిస్త్రీ ఓవెనును ముట్టుకోక ముందు ఒకే ప్రశ్న అడిగినాడు: "రాత్రి దీపాలు ఎట్లా వెలిగినాయి అమ్మగారూ?" చెప్పినాము. "అయితే జబ్బు ఓవెనులో లేదు, స్తంభము మీద ఉన్నది" అన్నాడు.

వీధికి కరెంటు మూడు ఫేజులుగా వస్తుంది. ఫేజుకూ న్యూట్రలు తీగకూ నడుమ ఉండవలసినది 230 వోల్టులు. రెండు ఫేజుల నడుమ ఉండేది 400. న్యూట్రలు తెగినా, వదులైనా ఆ 400 ఇళ్ళమీద అడ్డదిడ్డముగా పంచుకోబడుతుంది. వాడకము ఎక్కువైన వైపు దీపాలు మినుకుమంటవి. తక్కువైన వైపు వోల్టులు పెరిగి సామాను కాలిపోతుంది. మెయిను దగ్గర ఉండే మామూలు ఎమ్‌సీబీ దీనిని ఆపదు. అది కరెంటు ఎక్కువ లాగితే పడుతుంది గాని వోల్టులు పెరిగితే పడదు.

"ముందు లైను బాగుచేయించండి. లేకపోతే నేను ఈరోజు వేసిన ఫ్యూజు రేపు పోతుంది" అన్నాడాయన. ఫిర్యాదు చేసినాము. లైనుమాన్ స్తంభమెక్కి చూస్తే న్యూట్రలు అతుకు వదులై ఉన్నది. అది బిగించిన పిమ్మట మిస్త్రీ మీటరుతో కొలిచి 230 చూచుకొన్న తరువాతనే ఓవెను తెరచినాడు. కెపాసిటరులోని శక్తిని తగిన విధముగా ఖాళీచేసినాడు. లోపల పోయినవి రెండే: ఒక ఫ్యూజు, రూపాయి బిళ్ళంత వారిస్టరు. వోల్టులు మితిమీరినప్పుడు వారిస్టరు తానే కరెంటును లాగుకొని ఫ్యూజును కరిగించి, మిగిలిన బోర్డును కాపాడుతుంది. తాను కాలి ఇంటిని కాచిన నౌకరు వంటిది. ఖర్చు కొత్త ఓవెను వెలలో పదోవంతు కూడా కాలేదు. మూత బిగించి, తలుపు సరిగా పడుతున్నదో లేదో చూచి, గ్లాసెడు నీళ్ళు పెట్టి కాచి చూపించినాడు.

సోదరీమణులకు మేము చెప్పదలచినది కొంచెమే. గాలి రేగగానే ఓవెను, ఫ్రిజ్జు, టీవీల ప్లగ్గులు తీయండి. కరెంటు తిరిగి రాగానే ముందు ఒక దీపము వేసి చూడండి. మరీ తెల్లగా గాని, మరీ మసకగా గాని వెలిగితే మెయిను ఆపి ఫిర్యాదు చేయండి. వోల్టులు పెరిగితే తానే కట్టివేసే సాధనము ఒకటి మీటరు బోర్డు దగ్గర పెట్టించుకోండి. మేము పెట్టించినాము. ఫ్యూజు పోతే దాని చోట ఉత్త తీగ చుట్టనీయకండి. అన్నిటికన్న ముఖ్యము, ఇంట్లో ఎంత తెలివిగల పిల్లవాడున్నా మైక్రోవేవ్ ఓవెను మూత విప్పనీయకండి.

ఆనాటి సాయంకాలము పాలు వేడిచేసి అత్తగారికి ఇచ్చినాము. సంగతంతా విని ఆమె, "నిప్పు కనపడితే పిల్లవాడు కూడా దూరముగా ఉంటాడు. కనపడనిదాని దగ్గరే పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి" అన్నారు.